ఒక లారీ, రెండు టర్బోలు, మూరెడు చోటు

యర్రగొండపాలెం నుంచి దోర్నాల చేరి, అక్కడ ఆత్మకూరు దారి పట్టిన లారీ నల్లమల కొండ ఎక్కవలసిందే. మార్కాపురం పలకరాయి నిండుగా వేసుకున్న పాత లారీ ఆ ఎత్తు మీద ఎలా పోతుందో మీలో చాలామంది చూసే ఉంటారు. గేరు తగ్గుతుంది, మళ్ళీ తగ్గుతుంది. వెనకనుంచి కాటుకలాంటి పొగ వస్తుంది. కాస్త ఓపికున్న సైకిలు మనిషి దానితో సమానంగా తొక్కగలడేమో అనిపిస్తుంది. అంతలో ఇంచుమించు అంతే బరువున్న మరో లారీ సన్నగా ఈల వేసుకుంటూ వచ్చి, దారి వెడల్పుగా ఉన్నచోట దాన్ని దాటిపోతుంది. రెండు ఇంజన్ల సైజూ దాదాపు ఒకటే. తేడా అంతా ఆ ఈలలో ఉంది. ఆ ఈల వేసేది టర్బోఛార్జరు. మెకానిక్కులు పొట్టిగా టర్బో అంటారు.

ఒక టర్బోతోనే ఇంత మేలు జరిగితే రెండు పెడితే ఎలా ఉంటుంది? ఇది మంచి ప్రశ్నే. అమెరికాలో డీజిల్ బండ్ల మీద మోజున్న వాళ్ళు తమ బండ్లకు రెండు టర్బోలు బిగించుకుంటున్నారు కూడా. కాని బానెట్ ఎత్తి ఇంజను పక్కన ఒక్క నిమిషం నిలబడితే ఇంకో ప్రశ్న పుడుతుంది: ఆ రెండోదాన్ని పెట్టేది ఎక్కడ? ఇది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. దీని వెంట పోతే మాత్రం మీ భౌతికశాస్త్ర పుస్తకంలోని సగం పాఠాలు ఎదురవుతాయి.

ఇంజను ఎంత గాలి తాగుతుంది?

ముందు ఒక లెక్క చేద్దాం. 1993లో ఏర్పడిన టాటా కమ్మిన్స్ సంస్థ జంషెడ్‌పూరులో లారీల కోసం ఆరు సిలిండర్ల ఇంజను ఒకటి తయారుచేసింది. దాని సిలిండర్ల మొత్తం ఘనపరిమాణం 5.9 లీటర్లు. అంత సైజు ఇంజను, టర్బో లేనిది, నిమిషానికి 2500 చుట్లు తిరుగుతోందనుకోండి. అది నాలుగు ఘాతాల ఇంజను కాబట్టి ప్రతి సిలిండరూ రెండు చుట్లకు ఒకసారి మాత్రమే గాలి పీలుస్తుంది. అంటే నిమిషానికి 1250 సార్లు. 5.9ని 1250తో హెచ్చవేస్తే 7375 లీటర్లు. మీ తరగతి గది 6 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉంటే అందులోని గాలి 90 వేల లీటర్లు. ఆ గాలినంతా ఈ ఇంజను పన్నెండు నిమిషాల్లో తాగేస్తుందన్నమాట!

అసలు సంగతి లీటర్లలో లేదు, బరువులో ఉంది. ఇంధనం మండేది ఆక్సిజన్‌తో. ఎంత ఆక్సిజన్ లోపలికి వెళ్ళిందనేది గాలి ఎంత చోటు ఆక్రమించిందన్న దాన్నిబట్టి కాదు, ఎంత బరువుందన్న దాన్నిబట్టి ఉంటుంది. యర్రగొండపాలెంలో మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల వేడి మామూలే. ఆ వేడిలో ఒక ఘనపు మీటరు గాలి సుమారు 1.12 కిలోలు తూగుతుంది. 25 డిగ్రీలప్పటి గాలికంటే ఇది నూటికి అయిదు వంతులు తక్కువ. సిలిండరు కూడా ప్రతిసారీ పూర్తిగా నిండదు. వాల్వుల సందుల్లోంచి అంత వేగంగా లోపలికి దూరాలి కదా, నూటికి 85 వంతులు నిండితే బాగా నిండినట్లే. ఇవన్నీ కలిపి చూస్తే మన ఇంజనుకు నిమిషానికి దక్కేది సుమారు 7 కిలోల గాలి.

ఒక కిలో డీజిల్ పూర్తిగా మండడానికి లెక్కప్రకారం 14.5 కిలోల గాలి చాలు. కాని డీజిల్ ఇంజనులో ఇంధనం చివరిక్షణంలో తుంపరగా పడుతుంది. ప్రతి తుంపరకూ తన వంతు గాలి వెతుక్కునే వ్యవధి ఉండదు. అందుకే పొగ లేకుండా మండాలంటే కిలోకు 20 కిలోల దాకా గాలి ఇవ్వాలి. 7 కిలోల గాలికి 0.35 కిలో డీజిల్. కిలో డీజిల్ మండితే సుమారు 43 మెగాజౌళ్ళ ఉష్ణం వస్తుంది. అందులో నూటికి 36 వంతులు పనిగా మారిందనుకుంటే, ఇంజను సామర్థ్యం 90 కిలోవాట్లు, అంటే సుమారు 120 అశ్వశక్తి.

ఎత్తు మీద డ్రైవరు యాక్సిలరేటరు ఇంకా నొక్కితే ఏమవుతుంది? డీజిల్ పెరుగుతుంది, గాలి పెరగదు. మండని కర్బనం మసిగా బయటికి వస్తుంది. మనం చూసిన నల్లపొగ అదే. ఆ పొగ లారీ యజమాని జేబులోంచి పోతున్న డబ్బు, దారిపక్క ఊళ్ళవాళ్ళ ఊపిరితిత్తుల్లోకి పోతున్న మసి. కాబట్టి ఇంజనుకు బలం పెంచాలంటే డీజిల్ పోయడం కాదు, గాలి కూరడం నేర్చుకోవాలి.

పారేసే పొగతో గాలి కూరడం

ఈ ఉపాయానికి 1905లో పేటెంటు తీసుకున్నవాడు స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూషీ. ఇంధనంలోని శక్తిలో మూడోవంతు దాకా వేడి పొగరూపంలో సైలెన్సరుగుండా పోతుంది. ఆ పొగ ఊరికే పోయేబదులు ఒక చక్రాన్ని తిప్పి పోతే? అదే ఇరుసు రెండోకొసన మరో చక్రం ఉండి, బయటిగాలిని పట్టి ఇంజనులోకి నెడితే? బ్యూషీ ఆలోచన ఇంతే. ఆలోచన సులువు, అంత వేడికి ఆగే లోహం దొరకడమే కష్టం. అందుకే అది 1920లలో గాని ఓడ ఇంజన్ల మీద పనిచేసి చూపలేదు. జర్మనీలో రెండు ప్రయాణికుల ఓడలకు బిగించినప్పుడు 1750 అశ్వశక్తి ఇంజను 2500 ఇచ్చింది. 1938లో స్విట్జర్లాండుకే చెందిన సౌరర్ సంస్థ లారీ ఇంజనుకు టర్బో పెట్టింది.

మన దేశంలో లారీలు చాలాకాలం టర్బో లేకుండానే నడిచాయి. పొగ మీద హద్దులు బిగుస్తున్నకొద్దీ అది తప్పనిసరి అయింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.-6 ప్రమాణాలు వచ్చాక కొత్త డీజిల్ లారీలు దాదాపు అన్నీ టర్బోతోనే వస్తున్నాయి. రైలు ఇంజన్ల సంగతి వేరు. గుత్తి డీజిల్ షెడ్డు పేరు విన్నారా? మన లైన్ల మీద ఏళ్ళతరబడి తిరిగిన డబ్ల్యు.డి.ఎం.-2 రైలింజనులో పదహారు సిలిండర్లు, 2600 అశ్వశక్తి. దాని టర్బో ఒక్కటే, కాని పెద్ద బానంత ఉంటుంది. రైలింజనులో మనిషి నడిచేంత చోటుంటుంది కాబట్టి దాన్ని ఎక్కడ పెట్టాలన్న బెంగ తక్కువ. లారీకి ఆ భాగ్యం లేదు.

లారీ టర్బోను చేత్తో పట్టుకుని చూస్తే రెండు నత్తగుల్లలను వెన్నుకు వెన్ను ఆనించినట్లుంటుంది. ఒక గుల్ల పోత ఇనుముది. 600, 700 డిగ్రీల పొగ అందులోంచి పోతుంది. బరువు మీద చాలాసేపు లాగితే రాత్రిపూట అది మందంగా ఎర్రబడి కనిపిస్తుంది. రెండో గుల్ల అల్యూమినియంది, చల్లగాలి దానిది. నడుమ చిటికెనవేలంత ఇరుసు. అది నిమిషానికి లక్ష చుట్ల దాకా తిరుగుతుంది. ఆ ఇరుసును మోసేది బాల్ బేరింగు కాదు, సన్నటి నూనెపొర. లారీ ఆపగానే అనుభవమున్న డ్రైవరు ఇంజను కట్టెయ్యకుండా రెండు మూడు నిమిషాలు మెల్లగా తిరగనిస్తాడు, గమనించారా? డీజిల్ దండగ అనుకోకండి. ఇంజను ఆగితే నూనె పంపూ ఆగుతుంది. ఎర్రగా కాలిన గుల్ల వేడి ఇరుసుకు పాకి, అక్కడ నిలిచిపోయిన నూనెను మాడ్చి బొగ్గు చేస్తుంది. టర్బో ఖరీదుతో పోలిస్తే ఆ కాస్త డీజిల్ ఏపాటిది?

నొక్కితే వేడెక్కుతుంది

సైకిలు పంపుతో ట్యూబు నింపేటప్పుడు పంపు అడుగుభాగం పట్టుకుని చూడండి. వేడిగా ఉంటుంది. గాలిని నొక్కితే దాని ఉష్ణోగ్రత పెరుగుతుంది. టర్బోలోనూ అంతే. 42 డిగ్రీల గాలిని వాతావరణ పీడనానికి రెండింతలు నొక్కితే, టర్బోలో జరిగే నష్టాలు కూడా కలుపుకుని, అది 138 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. వేడెక్కిన గాలి వ్యాకోచిస్తుంది. కాబట్టి పీడనం రెండింతలైనా సాంద్రత ఒకటిన్నర రెట్లే అవుతుంది. రావలసిన లాభంలో సగం వేడి మింగేసింది!

దీనికి విరుగుడు ఇంటర్‌కూలరు. రేడియేటరు ముందు మరో రేడియేటరులా ఉండే జల్లెడ అది. లోపల నీళ్ళు ఉండవు, నొక్కిన గాలి పోతుంది. అది 138 నుంచి 65 డిగ్రీలకు దిగితే సాంద్రత 1.86 రెట్లవుతుంది. కార్ఖానాలవాళ్ళు ఈ లాభమంతా బలానికే వాడరు, పొగ తగ్గడానికని కొంత గాలిని అదనంగా ఉంచుతారు. అలా ఉంచినా 120 అశ్వశక్తి ఇంజను 180 దాకా సునాయాసంగా ఇస్తుంది.

ఇప్పుడు రెండో టర్బో. దీన్ని పెట్టే పద్ధతులు రెండు. మూడు సిలిండర్ల పొగ ఒకదానికి, మిగతా మూడింటి పొగ రెండోదానికి ఇచ్చి రెండు చిన్న టర్బోలను పక్కపక్కన నడపడం ఒకటి. రెండోది వరస పద్ధతి. పెద్ద టర్బో బయటిగాలిని పట్టి కొంత నొక్కి చిన్నదానికి ఇస్తుంది, చిన్నది దాన్ని మళ్ళీ నొక్కుతుంది. ఇక్కడ పీడనాలను కూడరాదు, హెచ్చవేయాలి. రెండింతలు, మళ్ళీ రెండింతలు, మొత్తం నాలుగింతలు. ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు చిన్న టర్బో చటుక్కున అందుకుంటుంది. వేగం పెరిగాక పెద్దది తోడవుతుంది. అందుకే బరువు లాగే బండ్లకు ఈ వరస పద్ధతి మీదే మోజు.

దీని వేడి కూడా లెక్కగట్టండి. మొదటి టర్బో దగ్గర 138 డిగ్రీలైన గాలి రెండోదాంట్లోకి అంత వేడిగానే పోతే, బయటికి వచ్చేసరికి 260 డిగ్రీలు దాటుతుంది! మామూలు రబ్బరు గొట్టం ఆ వేడికి నిలవదు, ఇనుప గొట్టమే వేయాలి. ఇంటర్‌కూలరు కూడా పెద్దది కావాలి. ఇదంతా పట్టవలసిన చోటు ఎంతంటారా? చాలా లారీలలో ఇంజనుకూ పక్క రేకుకూ మధ్య మూరెడుకు మించి ఉండదు.

చోటు వెతుకుదాం

ఒక్క టర్బో ఉన్న ఇంజనులో పెద్ద గొట్టాలు నాలుగు: గాలి వడపోత డబ్బా నుంచి టర్బోకు, టర్బో నుంచి ఇంటర్‌కూలరుకు, అక్కడినుంచి ఇంజనుకు, చివరికి టర్బో నుంచి సైలెన్సరుకు. వరసగా రెండు టర్బోలు పెడితే ఇంకో రెండు చేరతాయి. ఒకటి పెద్ద టర్బో నుంచి చిన్నదానికి గాలి తెచ్చేది, ఇంకోటి చిన్నదాన్ని తిప్పి వచ్చిన పొగను పెద్దదానికి అందించేది. మొత్తం ఆరు. నూనె గొట్టాలు రెండుండేవి నాలుగవుతాయి.

చోటు లేదని గొట్టం సన్నం చేస్తే? 10 సెంటీమీటర్ల వ్యాసమున్న గొట్టం నోటి వైశాల్యం 78.5 చదరపు సెంటీమీటర్లు. 5 సెంటీమీటర్ల గొట్టానిది 19.6 మాత్రమే. వ్యాసం సగమైతే వైశాల్యం పావువంతవుతుంది. లావు గొట్టం ఒక్కటి చేసే పనికి సగం లావువి రెండు చాలవు, నాలుగు కావాలి. లావు గొట్టాన్ని ఇరుకులో కస్సున వంచడానికీ వీల్లేదు, ప్రతి మలుపు దగ్గరా గాలి సుడితిరిగి పీడనం పోగొట్టుకుంటుంది. టర్బో కష్టపడి నొక్కిన గాలిని గొట్టాల వంకర్లలో పోగొట్టుకుంటే దాన్ని పెట్టి లాభమేమిటి?

కాబట్టి ఉన్న సామాను జరపాలి. మొదట జరిగేది గాలి వడపోత డబ్బా. దానికి ఇంజను పక్కనే ఉండవలసిన అవసరం లేదు. దాన్ని క్యాబిను వెనక్కో చాసీ పక్కకో పంపితే మంచి ఖాళీ వస్తుంది, వేడి తక్కువ గాలి కూడా దొరుకుతుంది. తరువాత బ్యాటరీ. లారీలలో అది ఎలాగూ చాసీ పట్టీకే ఉంటుంది. అమెరికా పికప్ బండ్లలో మాత్రం బానెట్ కిందనే ఉంటుంది, ఒక్కొక్కదాంట్లో రెండు. మన 5.9 లీటర్ల ఇంజను కుటుంబానికే చెందిన కమ్మిన్స్ ఇంజను 1989 మోడలు నుంచి అక్కడి డాడ్జ్ పికప్‌లలో వచ్చింది. దానికి రెండో టర్బో పెట్టేవాళ్ళకు బ్యాటరీని ఎటు పంపాలన్నది మొదటి తగువు. ఆ తరువాత రేడియేటరుకు నీళ్ళందించే తొట్టి, ఏ.సి. కంప్రెసరు, వైర్ల కట్టలు. ఇవన్నీ కదులుతాయి.

కదలనివి మాత్రం గట్టివి. వాటిలో నాకు అన్నిటికంటే ఆసక్తిగా తోచేది నూనె సంగతి. టర్బోకు నూనె పంపు ఒత్తిడితో వస్తుంది. కాని లక్ష చుట్ల ఇరుసు మీద చిలికి నురగైపోయి, ఒత్తిడంతా పోగొట్టుకుని బయటపడుతుంది. అక్కడినుంచి ఇంజను అడుగు తొట్టికి అది కేవలం భూమ్యాకర్షణతో దిగాలి. అంటే టర్బో తప్పకుండా తొట్టిలోని నూనె మట్టానికి పైన ఉండాలి, దిగే గొట్టం లావుగా, ఎక్కడా పైకి లేవకుండా వాలుగా ఉండాలి. చిక్కేమిటంటే, ఖాళీ ఎక్కువగా దొరికేది కిందనే, చాసీ పట్టీ పక్కన. ‘ఇక్కడ బోలెడు చోటుందిగా’ అని పెద్ద టర్బోను అక్కడ పెడితే నూనె వెనక్కి నిలిచి సీళ్ళలోంచి కారుతుంది. కారిన నూనె ఎర్రగా కాలిన గుల్లమీద పడితే మంటే! నూనెను పైకి తోడడానికి వేరే పంపు పెట్టవచ్చు. దానికీ మళ్ళీ చోటు కావాలి.

ఇంజను కదులుతుందని మరచిపోకండి. అది రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఉంటుంది. బరువు మీద లాగినప్పుడు ఒక పక్కకు ఒరుగుతుంది. ఇరవై కిలోలు దాటే పెద్ద టర్బోను చాసీకి బిగించి చిన్నదాన్ని ఇంజనుకు బిగిస్తే, రెంటినీ కలిపే ఇనుప గొట్టం ఒరిగినప్పుడల్లా వంగి వంగి కొన్నాళ్ళకు చిట్లుతుంది. మీరు తీగను అటూ ఇటూ వంచి తెంపుతారే, అలా. కాబట్టి రెండో టర్బోకు ఊతం కూడా ఇంజను నుంచే ఇవ్వాలి. గొట్టాలకు అక్కడక్కడ ముడతలున్న బెలోస్ ముక్కలు అతకాలి. కదిలే ఇంజనుకూ కదలని రేకుకూ నడుమ కనీసం రెండు వేళ్ళు పట్టాలి.

వేడికీ చోటు కావాలి. కాలిన గుల్ల దగ్గర డీజిల్ గొట్టం గాని, బ్రేకు గొట్టం గాని, వైరు గాని ఉండరాదు. ఉండక తప్పకపోతే నడుమ రేకు అడ్డం పెట్టి, ఆ రేకుకు రెండు పక్కలా గాలి ఆడనివ్వాలి. మన లారీలకు దీంట్లో ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. కార్ఖానా నుంచి చాలా లారీలు క్యాబిను లేకుండా, ముందుముఖంతో, చాసీగా వచ్చేవి. విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల వడ్రంగులు, వెల్డింగు పనివాళ్ళు వాటికి క్యాబిను కట్టేవారు. అటువంటి క్యాబినులో ఇంజను డ్రైవరుకూ క్లీనరుకూ నడుమ, ఒక మూత కింద దిబ్బలా ఉంటుంది. మే నెలలో ఆ మూత పక్కన కూర్చుని నడిపే మనిషి ఎడమకాలును అడగండి! ఆ మూత కింద 700 డిగ్రీల గుల్ల మరొకటి చేర్చడమంటే, లారీకి బలం పెంచి డ్రైవరుకు బలం తగ్గించడమే. ఇంజను చోటు గురించి మాట్లాడేటప్పుడు ఈ కాలును ఎవరూ కొలతల్లో రాయరు.

ఇక చెయ్యి పట్టే చోటు. ఆరు పలకల నట్టును మామూలు స్పానరుతో విప్పాలంటే 60 డిగ్రీలు తిప్పితే గాని స్పానరు మళ్ళీ పట్టదు. అందుకే స్పానరు నోటిని 15 డిగ్రీలు ఏటవాలుగా చేస్తారు. 30 డిగ్రీలు తిప్పి, స్పానరును బోర్లించి మళ్ళీ పట్టవచ్చు. ఇంట్లో స్పానరుంటే తీసి చూడండి, ఆ వంకర పొరపాటున వచ్చింది కాదు. ఆ 30 డిగ్రీల చోటు కూడా లేకపోతే? దానికి పెద్ద కంపెనీ కథే ఉంది. ఫోర్డ్ కంపెనీ 2008 మోడలు పెద్ద పికప్‌లకు 6.4 లీటర్ల డీజిల్ ఇంజను పెట్టింది. వరసగా రెండు టర్బోలు. కార్ఖానాలో ఇంజను అమర్చినప్పుడు అంతా చక్కగా ఇమిడింది. తరువాత టర్బో విప్పవలసి వస్తే చెయ్యి పట్టదు. మెకానిక్కులు మొత్తం క్యాబిను బోల్టులు తీసి, దాన్ని చాసీ మీదనుంచి గాలిలోకి ఎత్తి పనిచేసేవారు. మన రోడ్ల మీద ముందుకు వంగే క్యాబిన్లున్న లారీలు చూస్తారే, వాటిలో ఆ బాధ లేదు. క్యాబిను మొత్తం ముందుకు ఒరిగితే ఇంజను బల్లమీద పెట్టినట్లు బయటపడుతుంది. చోటు ప్రశ్నకు ఇంజనీర్లు చెప్పిన జవాబుల్లో నా మట్టుకు అదే తెలివైనది.

అంత బలంతో ఏం చేస్తాం?

అన్నీ కుదిరి 300 అశ్వశక్తి వచ్చిందనుకుందాం. కనుమ మీద దాని ఉపయోగమెంతో చూద్దాం. సరుకుతో 16 టన్నులున్న లారీ, 20 మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు పైకి లేచే ఎత్తు. బండిని వెనక్కి లాగే బలం సుమారు 7840 న్యూటన్లు, చక్రాలు దొర్లడానికి అయ్యే ఖర్చు మరో 1570. మొత్తం 9400 అనుకోండి. గేర్లలో నూటికి 15 వంతులు పోతుంది. 120 అశ్వశక్తితో గంటకు 29 కిలోమీటర్ల వేగం వస్తుంది. 180తో 44. 300తో అయితే 73.

నల్లమల మలుపుల్లో 16 టన్నుల లారీని 73 కిలోమీటర్ల వేగంతో నడిపేవాడు ఉన్నాడా? ఉంటే మనం ఆ దారిన పోకపోవడం మేలు. ఒక టర్బో, మంచి ఇంటర్‌కూలరు ఇచ్చిన 44 కిలోమీటర్లే ఆ రోడ్డుకు ఎక్కువ. పది కిలోమీటర్ల ఎత్తు పాత లారీకి 21 నిమిషాలు పడితే దీనికి 14 నిమిషాలు. ఆ పైన సంపాదించిన బలం మలుపుల దగ్గర వాడుకోలేనిదే.

పైగా బలం ఒక్కచోట ఆగదు. ఎక్కువ డీజిల్ మండితే ఎక్కువ వేడి రేడియేటరుకు పోతుంది. క్లచ్చి, గేరుబాక్సు, వెనక ఇరుసు అన్నీ పాత బలానికి లెక్కకట్టినవే. ఇక దిగేటప్పుడు? అదే లారీ 300 మీటర్ల ఎత్తునుంచి దిగితే 4 కోట్ల 70 లక్షల జౌళ్ళ శక్తిని ఎక్కడో వదిలించుకోవాలి. ఆ వేడితో 30 డిగ్రీల నీళ్ళను 160 లీటర్లు మరిగే దాకా కాచవచ్చు. ఇంజను కొంత పట్టుకుంటుంది, మిగతాదంతా బ్రేకు డ్రమ్ములదే. వేగంగా ఎక్కడం నేర్పిన టర్బో నెమ్మదిగా దిగడం నేర్పదు.

చట్టం కూడా ఒకటుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. బజారులో దొరికిన టర్బో తెచ్చి ఊరి షెడ్డులో బిగించడం అందుకే తగదు. కార్ఖానాలో పుట్టిన రెండు టర్బోల ఇంజను సంగతి వేరు. అక్కడ ఉద్దేశం వేగం కాదు, పెద్ద ఇంజను చేసే పనిని చిన్న ఇంజనుతో, తక్కువ చుట్ల దగ్గర, తక్కువ పొగతో చేయించడం. గొట్టం వంపు నుంచి బ్రేకు దాకా అన్నీ ఆ లెక్కకే కట్టి ఉంటాయి.

మీరు ఇంట్లో చేసి చూడదగ్గది ఒకటి చెబుతాను. పని తెలిసినవాళ్ళు ఇనుము కోసేముందు అట్టతో, చెక్కతో నమూనా చేసుకుని చోటు చూసుకుంటారు. మీరూ ఒక చెప్పుల అట్టపెట్టె తీసుకోండి. నడుమ ఇటుక పెట్టండి, అది ఇంజను. ఒక కొసన రేడియేటరుకూ ఇంటర్‌కూలరుకూ రెండు అట్టముక్కలు నిలబెట్టండి. ఒక చిన్న డబ్బా, ఒక పెద్ద డబ్బా టర్బోలు. వాటిని ఇటుక సగం ఎత్తుకు పైనే ఉంచాలి, నూనె దిగాలి కదా. బొటనవేలంత లావు పాత రబ్బరు గొట్టం ముక్కలతో పైన చెప్పిన ఆరు దారులూ వేయండి. ఏ గొట్టమూ నలగరాదు, రెండోదాన్ని తాకరాదు, ఇటుకకూ పెట్టె గోడకూ నడుమ వేలు పట్టాలి. మొదటి నాలుగూ అయిదు నిమిషాల్లో కుదురుతాయి. అయిదోది వేయగానే మొదటిది తీసి మళ్ళీ వేయవలసి వస్తుంది. ఆరోది, పెద్ద డబ్బా నుంచి సైలెన్సరుకు పోయేది, పెట్టె గోడకు కన్నం చేస్తే గాని పోదు. ఆ కన్నం డ్రైవరు కాలు పెట్టే వైపు పడిందో, అవతలి వైపు పడిందో చూసుకోండి.